పాత లారీలో ఉన్నది ఏ ఇంజనో తేల్చుకోవడం ఎలా?

బండి ముందు 1613 అని రాసి ఉంటుంది. అమ్మేవాడు కమిన్స్ (టాటా లారీల్లో వచ్చిన ఇంకో కంపెనీ ఇంజన్) బండి అంటాడు. క్యాబిన్‌లో ఇంజన్ మూత ఎత్తి చూస్తే టాటా సొంత ఇంజన్ 697 కూర్చుని ఉంటుంది. అతను కావాలని అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. ఎందుకంటే టాటా 1613 రెండు ఇంజన్లతోనూ అమ్ముడైంది. బయట రాసిన అంకె బండి బరువు, బలం చెబుతుందే తప్ప లోపల ఏ ఇంజన్ ఉందో చెప్పదు. అది ఆర్‌సీలోని సీసీ, బ్లాకు మీది నంబరు చెబుతాయి.

ఇక్కడ చెప్పేదంతా ఎలక్ట్రానిక్ గొడవ లేని పాత టాటా, లేలాండ్ లారీల గురించి. అంటే ఇన్‌లైన్ పంపుతో (సిలిండర్లకి డీజిల్ అందించే పాతకాలం పంపు) నడిచే, 2010లో బీఎస్-3 (పొగ కాలుష్య నిబంధన) దేశమంతటా రాకముందు నాటి బండ్లు. వాటర్ ట్యాంకరుకో, ఊళ్ళో ఇసుక, కంకర తోలడానికో, పాతది బాగుచేసి ఉంచుకోవాలన్న ముచ్చటకో కొంటున్నవాళ్ళు ఈ వరసలోనే చూసుకుంటూ పోవచ్చు.

1. ముందు పేరు చదవండి

అందరికీ తెలిసిన 407తో మొదలుపెడితే తేలిగ్గా బుర్రకెక్కుతుంది. 4 అంటే బండి, సరుకు కలిపి సుమారు 4 టన్నులు. 07 అంటే సుమారు 70 హార్స్ పవర్. 709 అంటే 7 టన్నులు, 90 హార్స్ పవర్. అదే లెక్కన 1210, 1612, 1613, 2515, 2518, 3118. మొదటి రెండంకెలు మొత్తం బరువు టన్నుల్లో, చివరి రెండింటిని పదితో గుణిస్తే హార్స్ పవర్. రెండూ గుండుగుత్త లెక్కలే, కచ్చితమైన కొలతలు కావు. లేలాండ్ 1613, 2214, 2516 కూడా ఇలాగే చదవాలి.

టాటాలో అంకెల ముందున్న అక్షరాలు జర్మన్ పద్ధతి నుంచి వచ్చినవి. 1954లో టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) జంషెడ్‌పూర్‌లో డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టింది. 1969లో ఆ ఒప్పందం ముగిసింది, బండి ముందు మూడు కోణాల చుక్క పోయింది, పేర్లు పెట్టే అలవాటు మాత్రం మిగిలింది. ఎస్‌ఈ అంటే ముందుకు కొంచెం ముక్కున్న లారీ. ఎల్‌పీటీ అంటే ముక్కు లేకుండా చదునుగా ఉండే క్యాబిన్. ఎస్‌కే, ఎల్‌పీకే రెండూ టిప్పర్లు. ఎల్‌పీఎస్ అంటే ట్రైలర్ లాగే బండి. చివర టీసీ అని ఉంటే టర్బో ఉన్నట్టు, టీసీఐసీ అని ఉంటే టర్బోతో పాటు ఇంటర్‌కూలర్ కూడా.

ఈ అక్షరాలను తేలిగ్గా తీసుకోవద్దు. ఎల్‌పీటీ 2515 పది టైర్ల బండే, కానీ వెనక రెండు ఆక్సిళ్ళలో ఒక్కటే తిరుగుతుంది, రెండోది డమ్మీ. ఎల్‌పీకే 2516లో రెండూ తిరుగుతాయి, మన మెకానిక్‌లు డబుల్ హౌసింగ్ అనేది దాన్నే. ఎల్‌పీటీ కొని, దాని మీద టిప్పర్ తొట్టి కట్టించి క్వారీలోకి దింపితే మొదటి వానకే బురదలో చక్రం తిరుగుతూ నిలబడిపోతుంది. డమ్మీ ఆక్సిల్ బరువు మోస్తుంది గానీ బండిని తొయ్యదు. పడుకుని కిందకి చూస్తే తేలిపోతుంది: రెండో హౌసింగ్‌కి కూడా షాఫ్ట్ వెళ్తోందా, లేదా?

2. ఆర్‌సీలో సీసీ చూడండి

ఇంజన్ మూత ఎత్తకముందే సగం పని ఇక్కడ అయిపోతుంది. ఆర్‌సీలో ఉండే క్యూబిక్ కెపాసిటీ అంకె దాదాపు వేలిముద్ర లాంటిది.

4788 ఉంటే టాటా 692.
5675 ఉంటే టాటా 697.
5883 ఉంటే కమిన్స్ 6బీటీ, అంటే 5.9 లీటర్ల ఇంజన్.
5759 ఉంటే లేలాండ్‌లో వచ్చిన ఆరు సిలిండర్ల హినో.
5861 ఉంటే లేలాండ్ కార్గోలోని ఇవెకో.
3783 ఉంటే నాలుగు సిలిండర్ల టాటా 497.

టాటా ఇంజన్ పేరులోనే దాని కొలత దాగి ఉంది. 697 అంటే 6 సిలిండర్లు, 97 మి.మీ. బోరు, అంటే సిలిండర్ వ్యాసం. 692 అంటే 6 సిలిండర్లు, 92 మి.మీ. 497 అంటే 4 సిలిండర్లు, అదే 97 బోరు. 697 స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 128 మి.మీ. అనుమానముంటే కాగితం మీద గుణించి చూసుకోండి, సరిగ్గా 5675 వస్తుంది. బెంజ్ ఓఎం352 కొలతలు కూడా ఇవే, పుట్టుక అక్కడే మరి.

పాత లేలాండ్‌ది ఇంగ్లండు లెక్క. కామెట్‌లో వచ్చిన 370, తర్వాతి 400, హిప్పో లాంటి భారీ బండ్లలో వచ్చిన 680, ఇవన్నీ ఘనపు అంగుళాలు. ఒక ఘనపు అంగుళం 16.39 సీసీ. కాబట్టి 370 అంటే 6 లీటర్ల పైచిలుకు, 680 అంటే 11.1 లీటర్లు. పాత డాడ్జ్, ఫార్గోల్లో కనిపించే పర్కిన్స్ 6.354 కూడా ఈ కోవదే: 6 సిలిండర్లు, 354 ఘనపు అంగుళాలు.

3. బ్లాకు దగ్గరికి వెళ్ళి కళ్ళతో చూడండి

ఆర్‌సీలో 5675 ఉండి లోపల వేరే ఇంజన్ ఉండే బండ్లు తక్కువేమీ కాదు. ఆటోనగర్లలో ఇంజన్ మార్చడం రోజూ జరిగే పనే. కాబట్టి టార్చి లైటు, గుడ్డ, కొంచెం డీజిల్ తీసుకెళ్ళి నంబరు ఉన్నచోట మురికి తుడవండి.

697లో హెడ్ మీద పొడవాటి మూత ఒక్కటే ఉంటుంది. కమిన్స్ 6బీటీలో ఒక్కో సిలిండర్‌కి ఒక్కో చిన్న మూత, మొత్తం ఆరు, వరసగా డబ్బాలు పేర్చినట్టు కనిపిస్తాయి. ఇది తెలిస్తే చీకట్లో చేత్తో తడిమి కూడా చెప్పెయ్యొచ్చు. టాటాలో వచ్చిన కమిన్స్ ఇంజన్ నంబరు బీ59 అని మొదలవుతుంది. టాటా సొంత ఇంజన్ నంబరు 697 అనో, 697టీసీ అనో, 497 అనో మొదలవుతుంది.

కమిన్స్ అయితే ఇంకో పని చేయండి. ముందు గేర్ హౌసింగ్ పక్కన రేకు పలక ఉంటుంది. దాని మీద ఇంజన్ సీరియల్ నంబరు, సీపీఎల్ అనే అంకె ఉంటాయి. రెండింటినీ ఫోన్లో ఫొటో తీసుకోండి. బయటికి ఒకేలా ఉండే రెండు 6బీటీల్లో పిస్టన్లు, టర్బో, పంపు సెట్టింగు వేరువేరుగా ఉండవచ్చు, ఆ తేడా చెప్పేది సీపీఎల్. అది లేకుండా షాపుకెళ్ళి "1613 కమిన్స్ పిస్టన్ సెట్టు" అని అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు, బిగించాక పొగ మొదలవుతుంది. పలక ఊడిపోయి ఉంటే ఆ మేరకు ధర తగ్గించి అడగండి.

టర్బో ఉంది కదా అని 697 టీసీ అనుకోవద్దు. మామూలు 697కి పాత టర్బో తగిలించి, పంపులో డీజిల్ పెంచిన బండ్లు దొరుకుతాయి. కొన్నాళ్ళు బాగానే లాగుతాయి, తర్వాత పిస్టన్లు పాడైపోతాయి. నంబరులో టీసీ లేకపోతే ఆ టర్బోకి ఒక్క రూపాయి కూడా లెక్క కట్టకండి.

లేలాండ్‌లో ఇంజన్ ఏ తరానిదో స్పానరే చెబుతుంది. 370, 400, 680 ఇంగ్లండు డిజైన్లు కాబట్టి అంగుళాల స్పానర్లు పడతాయి. 1980ల్లో మొదలైన హినోలకు మి.మీ. స్పానర్లు. పాత కామెట్ బోల్టుకి 14 నంబరు స్పానర్ బలవంతంగా వేస్తే తల గుండ్రమవుతుంది, ఆ తర్వాత వెల్డింగే దిక్కు. కమిన్స్, టాటా రెండూ మి.మీ.లే.

4. చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి

వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే ఫోన్లో చెప్పండి. వెళ్ళగానే బ్లాకు మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే అమ్మేవాడు ఏదో దాస్తున్నాడు, సాయంత్రం మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోండి.

స్టార్ట్ చేసే ముందు డిప్ స్టిక్ తీసి చూడండి. ఆయిల్ మట్టం ఎక్కువగా ఉంటే సంతోషపడకండి, అందులో డీజిలో నీళ్ళో కలిసి ఉంటాయి. వేలికి రాసుకుని వాసన చూస్తే డీజిల్ తెలుస్తుంది. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్ళు, అంటే హెడ్ గ్యాస్కెట్టో అంతకంటే పెద్దదో.

స్టార్ట్ అయ్యాక పొగ రంగు చూడండి. మొదట తెల్లగా వచ్చి ఒకట్రెండు నిమిషాల్లో తగ్గితే సరే. వేడెక్కాక కూడా తెల్లగానే ఉంటే నాజిళ్ళు, కంప్రెషన్, పంపు టైమింగ్ ఈ మూడింట్లో ఒకటి. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోంది. యాక్సిలేటర్ తొక్కగానే ఒక్కసారి నల్లగా రావడం పాత టర్బో బండికి మామూలే, వదలకుండా వస్తే డీజిల్ ఎక్కువో, గాలి తక్కువో.

ఇంజన్ ఆడుతుండగా ఆయిల్ పోసే మూత తీసి, తిరగేసి ఆ రంధ్రం మీదే ఊరికే పెట్టండి. కాస్త అదిరితే ఫరవాలేదు. ఎగిరి పడితే రింగులు అయిపోయాయి, బోరు పని దగ్గర్లోనే ఉంది.

అరగంట నడిపి, ఇంజన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఆయిల్ ప్రెషర్ చూడండి. కమిన్స్ 6బీటీకి ఐడ్లింగ్‌లో కనీసం 10 పీఎస్‌ఐ, పూర్తి వేగంలో కనీసం 30 పీఎస్‌ఐ ఉండాలి. అంతకంటే తగ్గితే బేరింగులనైనా, ఆయిల్ పంపునైనా చూడాలి. పాత బండ్లలో మీటరు పనిచేయకపోవడమే ఎక్కువ, అందుకే విడి గేజి ఒకటి దగ్గర పెట్టుకోవడం మంచిది. చివరగా ఇంజన్ ఆపి, చల్లారాక టర్బో పైపు ఊడదీసి లోపలి చక్రాన్ని వేళ్ళతో కదపండి. పక్కలకి రవ్వంత కదిలితే తప్పు కాదు. ముందుకీ వెనక్కీ కదిలినా, రెక్కలు గోడకి గీసుకున్న గుర్తు కనిపించినా టర్బో ఖర్చు లెక్కలో వేసుకోండి.

5. కొన్నాక మొదటి పని: వాల్వు సెట్టింగ్

పాత 6బీటీ కొన్నవాళ్ళు ముందు చేయించాల్సింది ఇదే. చాలా బండ్లలో ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకుని ఉండరు. చెవితో విని సెట్ చేసే మెకానిక్‌లు ఉన్నారు, వాళ్ళకి ఈ పని ఇవ్వకండి.

ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి, రాత్రంతా ఆగిన బండి అయితే ఇంకా మంచిది. ఆరు మూతలూ తీయండి. గ్యాస్కెట్లు పగిలి ఉంటే కొత్తవి తెచ్చుకుని మొదలుపెట్టండి.

ఇంజన్‌ని చేత్తో తిప్పడానికి ఫ్లైవీల్ హౌసింగ్‌లో చిన్న మూత ఉంటుంది, అది తీసి బారింగ్ టూల్ పెట్టి తిప్పాలి. ఒకరు నెమ్మదిగా తిప్పుతుంటే, ఇంకొకరు ఇంజెక్షన్ పంపు వెనక, గేర్ హౌసింగ్‌లో ఉండే ప్లాస్టిక్ టైమింగ్ పిన్నుని వేలితో లోపలికి ఒత్తి పట్టుకోవాలి. ఒక చోట అది లోపలికి దిగుతుంది. అది క్యామ్ గేరు రంధ్రంలోకి దిగుతుంది కాబట్టి, ఒకటో సిలిండర్ కంప్రెషన్ మీద పైకి వచ్చినట్టే లెక్క, వేరే అనుమానం అక్కర్లేదు. ముందు పుల్లీ మీద సుద్దముక్కతో గీత పెట్టండి. పిన్ను వెంటనే బయటికి లాగండి. మరిచిపోయి తిప్పితే పుటుక్కున విరుగుతుంది, ముక్క గేర్ల మధ్య మిగులుతుంది.

ప్రతి సిలిండర్‌లో ముందు వైపుది ఇన్లెట్, వెనకది ఎగ్జాస్ట్. వాల్వుకీ, దాన్ని నొక్కే రాకరుకీ మధ్య ఇన్లెట్ సందు 0.25 మి.మీ., ఎగ్జాస్ట్ సందు 0.51 మి.మీ. ఈ స్థితిలో 1, 2, 4 ఇన్లెట్లు, 1, 3, 5 ఎగ్జాస్టులు సెట్ చేయాలి. ఫీలర్ గేజి కాస్త పట్టుకుంటూ జారాలి, ఊడిపడకూడదు, ఇరుక్కోకూడదు. స్క్రూని స్క్రూడ్రైవర్‌తో కదలకుండా పట్టుకుని నట్టు 24 న్యూటన్ మీటర్లకి బిగించండి. బిగించాక గేజి మళ్ళీ పెట్టి చూడండి, నట్టు బిగించేటప్పుడు స్క్రూ తిరగడం, సందు తగ్గిపోవడం ఎప్పుడూ జరిగేదే.

తర్వాత సుద్ద గీత తిరిగి అదే చోటికి వచ్చేలా ఒక పూర్తి చుట్టు తిప్పండి. ఇప్పుడు 3, 5, 6 ఇన్లెట్లు, 2, 4, 6 ఎగ్జాస్టులు. మొత్తం పన్నెండూ పూర్తి.

697కి సందులు వేరు: చల్లగా ఉన్నప్పుడు ఇన్లెట్ 0.20, ఎగ్జాస్ట్ 0.30. 697 మీద అలవాటున్న మెకానిక్ కమిన్స్ ఎగ్జాస్టుకి కూడా 0.30 పెట్టేస్తాడు. సందు చాలక, వేడెక్కినప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు, అంచు కాలిపోతుంది. పక్కన నిలబడి గేజి మీద అంకె మీరే చదవండి.

6. ఏది కొనాలి?

పల్లెల్లో, చిన్న పట్నాల్లో తిరిగే వాటర్ ట్యాంకరుకి 697 చాలు. దీని మీద చెయ్యి తిరిగిన మెకానిక్ దొరకని మండలం ఉండదు, సామాను చవక. సిలిండర్లలో లైనర్లు, అంటే మార్చుకోగల లోపలి గొట్టాలు, ఉంటాయి కాబట్టి బోరు అయిపోతే లైనర్, పిస్టన్ సెట్టు మార్చుకుని మళ్ళీ మామూలు కొలతకే తెచ్చుకోవచ్చు.

బరువు తోలాలన్నా, ఘాట్ ఎక్కాలన్నా కమిన్స్‌దే పైచెయ్యి. కానీ 6బీటీకి లైనర్లు లేవు, బోరు నేరుగా బ్లాకులోనే. స్టాండర్డ్ 102 మి.మీ. అయితే, ఒకసారి 0.5 పెంచొచ్చు, ఇంకోసారి 1.0. ఆ తర్వాత స్లీవు కొట్టించాల్సిందే. "బోరు కొత్తగా చేయించాం" అంటే సంబరపడకుండా, ఏ సైజు పిస్టన్ వేశారని అడగండి, లేత్ షాపు బిల్లు చూపమనండి. 0.5 ఉంటే ఇంకో అవకాశం మిగిలింది. 1.0 ఉంటే బ్లాకు ఆఖరి దశలో ఉంది.

పాత లేలాండ్ 370, 400 ముచ్చటకి కొనేవాళ్ళవి. రోజూ తోలి సంపాదించడానికి లేలాండే కావాలంటే హినో చూడండి.

7. హౌసింగ్ రేషియో లెక్కపెట్టండి

ఇంజన్ బాగున్నా బండి లాగట్లేదంటే, లేదా రోడ్డెక్కితే 50 దాటట్లేదంటే తప్పు చాలాసార్లు వెనక హౌసింగ్ లోపల షాఫ్ట్ తిప్పుడుని చక్రాలకి అందించే గేర్ల జత అయిన క్రౌన్ పినియన్‌లో ఉంటుంది. టిప్పర్ హౌసింగ్ తెచ్చి లారీకి, లారీది టిప్పర్‌కి వేసేస్తుంటారు.

బండిని చదునైన చోట ఆపి, ముందు చక్రాలకీ, నేల మీద ఉండే వెనక చక్రాలకీ రాళ్ళు పెట్టండి. వెనక ఒక వైపు మాత్రమే జాకీ ఎత్తండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్ బ్రేక్ తీయండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరొద్దు, ఆక్సిల్ కింద దిమ్మె పెట్టండి. షాఫ్ట్ మీద, ఎత్తిన టైరు మీద సుద్ద గీతలు పెట్టి, టైరుని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. రెండోవైపు చక్రం నేల మీద ఆగి ఉంది కాబట్టి డిఫరెన్షియల్ వల్ల రెండు చుట్లంటే క్రౌన్‌కి ఒక చుట్టు. ఆలోగా షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే మీ రేషియో.

పినియన్‌కి 6 పళ్ళు, క్రౌన్‌కి 41 ఉంటే 6.83. పినియన్‌కి 7 ఉంటే 5.86. టాప్ గేరులో షాఫ్ట్ ఇంజన్ వేగంతోనే తిరిగే గేరు పెట్టెతో, ఒక చుట్టుకి సుమారు 3.2 మీటర్లు నడిచే 10.00-20 టైర్లతో, ఇంజన్ 1800 ఆర్‌పీఎం దగ్గర మొదటిది సుమారు 50 కిలోమీటర్ల వేగం ఇస్తుంది, రెండోది 59. క్వారీకి మొదటిది, హైవేకి రెండోది.

8. బయానా ఇచ్చే ముందు కాగితాలు

ఛాసిస్ నంబరు చాలా బండ్లలో కుడివైపు ముందు చక్రం దగ్గర ఛాసిస్ పట్టీ మీద కొట్టి ఉంటుంది. తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు పడుతుంది. 17 అక్షరాల నంబరు ఉన్న బండ్లలో టాటాది ఎంఏటీ అని, లేలాండ్‌ది ఎంబీ1 అని మొదలవుతుంది. చుట్టూ గ్రైండింగ్ గుర్తులో, అక్షరాల లోతులో తేడాలో కనిపిస్తే అక్కడితో బేరం ఆపండి.

ఇంజన్ నంబరుకీ అలాగే అచ్చు తీసి ఆర్‌సీతో పోల్చండి. ఇంజన్ మార్చి ఉంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కి ఉండాలి. ఎక్కకపోతే ఫిట్‌నెస్‌కి వెళ్ళినప్పుడు బయటపడుతుంది. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఫిట్‌నెస్ ఏటా ఉంటుంది కాబట్టి అది ఎంతో కాలం దాగదు. ఫైనాన్స్ ఉంటే ఫారం 35, పేరు మార్పుకి 29, 30 ఫారాలు. తెలంగాణ బండి ఆంధ్రలో, ఆంధ్ర బండి తెలంగాణలో కొంటుంటే ఫారం 28 మీద ఎన్‌ఓసీ కూడా కావాలి. ఇంజన్ నంబరు తేడాను అమ్మేవాడి పేరు మీద ఉండగానే సరిచేయించి, అప్పుడు మిగతా డబ్బు ఇవ్వండి. పేరు మీ మీదికి మారాక ఆ ఇంజన్ ఎక్కడిదో చెప్పుకోవాల్సింది మీరే.